వెబ్‌క్యామ్ పెట్టగానే పనిచేస్తుంది, బోర్డు కెమెరాకు ఇన్ని వీడియో నోడ్లు ఎందుకు?

లినక్స్‌లో యూఎస్‌బీ వెబ్‌క్యామ్ పెట్టగానే వచ్చేస్తోంది, రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకు తగిలించిన కెమెరాకు మాత్రం బోలెడు వీడియో నోడ్లు (/dev/video0 లాంటి ఫైళ్లు) కనిపిస్తున్నాయి, ఏది తెరిచినా 'బ్రోకెన్ పైప్' అంటోంది. ఇదే కదా మీ బాధ? కేబుల్ మీద అప్పుడే అనుమానం పెట్టుకోకండి.

వెబ్‌క్యామ్‌లో రంగులు సరిచేయడం, వెలుతురును బట్టి ఎక్స్‌పోజర్ మార్చడం అంతా లోపలి చిప్పే చూసుకుంటుంది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అందేది తయారైన వీడియో. (దానికీ రెండు నోడ్లుంటాయి లెండి. 4.16 కెర్నెల్ నుంచి రెండోది మెటాడేటాకు, అంటే ఫ్రేముల గురించిన సమాచారానికి. దాన్ని తెరిచి వీడియో రావట్లేదని కంగారుపడేవాళ్లు చాలామందే.)

బోర్డు కెమెరాలో అదే పనిని సెన్సర్, దాని డేటాను అందుకునే సీఎస్ఐ రిసీవర్, బొమ్మను సరిచేసే ఐఎస్‌పీ, సైజు మార్చే రీసైజర్ పంచుకుంటాయి. ఏది దేనికి కలవాలో ఒక్క వీడియో నోడ్‌తో చెప్పడం కుదరదు. అందుకే 2011లో, 2.6.39 కెర్నెల్‌లో, ఈ భాగాల్నీ వాటి మధ్య లింకుల్నీ చూపించి సెట్ చేయనిచ్చే మీడియా కంట్రోలర్ వచ్చింది. నోకియా ఎన్900 ఫోన్‌లో ఉన్న ఓమాప్3 చిప్‌లోని ఐఎస్‌పీ కోసం మొదలైన పని అది.

నేను ఆర్‌కే3399 చిప్ ఉన్న బోర్డు మీద ఐఎంఎక్స్219 సెన్సర్‌తో పనిచేశాను. మీడియా-సీటీఎల్ అనే కమాండ్‌తో గ్రాఫ్ (ఏ భాగం దేనికి కలిసిందో చూపే పటం) ప్రింట్ చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. సెన్సర్ వైపు 1640x1232, 10 బిట్ బేయర్ (సెన్సర్ ఇచ్చే ముడి డేటా). అవతల ఐఎస్‌పీ వైపు డిఫాల్ట్‌గా 800x600. లింక్ ఉంది, రెండు చివర్ల కొలతలే కలవలేదు. ఫార్మాట్లు పెట్టేటప్పుడు కెర్నెల్ నోరు మెదపదు. స్ట్రీమ్ ఆన్ చేశాకే లింకులన్నీ తనిఖీ చేసి, పొసగని చోట ఆ 'బ్రోకెన్ పైప్' ఎర్రర్ మొహాన కొడుతుంది. సెన్సర్ దగ్గర మొదలుపెట్టి చివరి వీడియో నోడ్ దాకా వరసగా ఫార్మాట్ సెట్ చేసుకుంటూ రండి, ఫ్రేములు వస్తాయి.

వచ్చినా చీకటిగా, రంగు తేడాగా ఉంటాయి. ఎక్స్‌పోజర్ ఎంత, వైట్ బ్యాలెన్స్ ఎంత అన్న లెక్క ఇక్కడ కెర్నెల్ వేయదు. ఐఎస్‌పీ ఫ్రేము ఫ్రేముకూ గణాంకాలు తీసి ఒక నోడ్‌లో పెడుతుంది. యూజర్ స్పేస్ (కెర్నెల్ బయట నడిచే) ప్రోగ్రామ్ వాటిని చూసి ఎక్స్‌పోజర్‌ను సెన్సర్‌కు, మిగతా విలువల్ని పారామీటర్ల నోడ్‌కు పంపాలి. మీ జాబితాలో వీడియో ఇవ్వని నోడ్లలో ఈ రెండూ ఉంటాయి.

ఈ తిప్పలన్నీ మన తరఫున పడేది లిబ్‌కెమెరా అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. ఒకసారి చేత్తో సెట్ చేసి చూడండి, గ్రాఫ్ అర్థమవుతుంది. రోజువారీ వాడకానికి మాత్రం లిబ్‌కెమెరాకే వదిలేయడం మేలు. బ్రౌజర్‌లో కూడా కెమెరా రావాలంటే ఆడియో, వీడియోల్ని ప్రోగ్రాములకు అందించే పైప్‌వైర్‌కు లిబ్‌కెమెరా ప్లగిన్ ఇన్‌స్టాల్ అయిందో లేదో చూసుకోండి.