బండి మీద మూటాముల్లె: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు వెనకబట్టాయి. అరకు, హంపి దారి పట్టేవాళ్ల ఉత్తరాలు పెరిగాయి. ఈసారి సామాను గురించినవే తీసుకున్నాం.

ప్రశ్న: దసరా సెలవుల్లో నేనూ మా ఆవిడా 350 సీసీ బండి మీద అరకు వెళ్లొద్దామనుకుంటున్నాం. ఐదు రోజులు. ఎంత సామాను పెట్టుకోవచ్చు? ఏది ఎక్కడ కట్టాలి?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: బ్యాగులు కొనేముందు లెక్క వేయండి. బండితో ఇచ్చిన మాన్యువల్‌లో రెండు అంకెలుంటాయి. ఒకటి కెర్బ్ వెయిట్, అంటే పెట్రోలు, ఆయిలుతో సహా బండి సొంత బరువు. రెండోది మనుషులు, సామానుతో కలిపి దాటకూడని మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్నది. ఉదాహరణకు 170 కిలోలు మిగిలిందనుకోండి. మీరు 75, ఆవిడ 60, ఇద్దరి హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిపి 8. అక్కడికే 143. మిగిలిన 27లో సీటుకు రెండు పక్కలా వేలాడే సాడిల్ బ్యాగులను ఊగకుండా పట్టి ఉంచే ఇనప స్టేలకు ఓ 5, వెనక ర్యాకు మీద బిగించే ఖాళీ టాప్ బాక్స్‌కు ఓ 4 పోతాయి. బట్టలు, పానాలు, మంచినీళ్లు, బ్యాగుల సొంత బరువు, అన్నీ కలిపి 18 కిలోల్లో సర్దుకోవాలి. ఇద్దరికి ఐదు రోజులకు అది చాలు. మూడు జతలు పెట్టుకుని మధ్యలో ఒకసారి ఉతుక్కోండి.

ఇక ఎక్కడ కట్టాలన్నది. బరువైనవి కిందికి, ముందుకు, రెండు చక్రాల ఇరుసుల మధ్యకు రావాలి. పానాలు, పంక్చరు సామాను, గాలి పంపు, నీళ్ల సీసాలు సాడిల్ బ్యాగుల అడుగున, ముందువైపు మూలలో పెట్టండి. బట్టలు వాటి మీద. టాప్ బాక్స్‌లో రెయిన్‌కోట్లు, చిరుతిళ్లు లాంటి తేలికవే. కాగితాలు, మందులు, ఛార్జరు ట్యాంకు బ్యాగులో. ట్యాంకు బ్యాగు అయస్కాంతంతో అంటుకునే రకమైతే మీ ట్యాంకు ఇనుపదో కాదో ముందే చూసుకోండి. ప్లాస్టిక్ కవర్లున్న ట్యాంకులకు అది అంటుకోదు. కుడి ఎడమ బ్యాగుల మధ్య తేడా కిలోకు మించనివ్వద్దు. సూట్‌కేసులు తూచే చేతి తూకం దీనికి చాలు.

సామాను ఎక్కాక బండిలో నాలుగు మార్పులు తప్పవు. మాన్యువల్‌లో వెనక టైరుకు రెండు గాలి అంకెలుంటాయి, ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి. మీరు రెండోది పెట్టాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు, బయల్దేరే ఉదయం ఇంటి దగ్గరి బంకులోనే. గాలి తక్కువైన టైరు బరువుకు ప్రతి చుట్టూ నలిగి వేడెక్కుతుంది, విజయవాడ హైవే ఎండలో అది పగిలే దాకా వెళ్లొచ్చు. రెండోది, వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగు బిగువు. బండితో వచ్చిన వంకీ పానాతో రెండువైపులా ఒకే మెట్టుకు పెంచండి. ఒకవైపు మూడో మెట్టు, మరోవైపు నాలుగో మెట్టు ఉంటే బండి నిలకడ చెడుతుంది. మూడోది చెయిన్. బరువుకు వెనక భాగం దిగితే చెయిన్ ఇంకా బిగుస్తుంది. ముందే బిగువుగా ఉంటే ఆ లాగుడంతా గేరుబాక్సు బేరింగు మీద పడుతుంది. మాన్యువల్ చెప్పినంత వదులు ఉండితీరాలి. నాలుగోది హెడ్‌లైటు. వెనక దిగితే ముందు లేస్తుంది, వెలుతురు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. దాన్ని కాస్త కిందికి దించండి.

సైడ్ స్టాండు సంగతి చాలామందికి తట్టదు. బరువుకు దిగిన బండి సైడ్ స్టాండు మీద మామూలుకన్నా నిటారుగా నిలబడుతుంది. నేల కొంచెం కుడికి వాలి ఉన్నా ఆ పక్కకు పడిపోతుంది. మెత్తటి మట్టిలోనైతే స్టాండు దిగబడి ఎడమకు ఒరుగుతుంది. అరచేయంత చెక్క ముక్క ఒకటి వెంట ఉంచుకుని స్టాండు కింద వేయండి. మీరు ఎక్కి, రెండు కాళ్లూ నేలకు ఆనించాకే ఆవిడను ఎక్కమనండి.

ప్రయాణానికి వారం ముందు మొత్తం కట్టుకుని ఇద్దరూ భువనగిరి దాకా వెళ్లి రండి. తిరిగొచ్చాక స్టేల బోల్టులన్నీ మళ్లీ బిగించి, తలల మీంచి ఫ్రేము మీదికి రంగుతో ఒక గీత గీయండి. ఏ బోల్టయినా వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు ఎక్కేముందు ఒకసారి ఆ గీతలు చూస్తే సరిపోతుంది.

ప్రశ్న: వెనక పెద్ద టాప్ బాక్స్ పెట్టించాను. 80 దాటితే హ్యాండిల్ వణుకుతోంది. మెకానిక్ ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలు) మార్చాలంటున్నాడు.
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: ఫోర్కు జోలికి వెళ్లకండి, ముందు బాక్సు ఖాళీ చేయండి. టాప్ బాక్స్ వెనక ఇరుసుకు కూడా వెనక, ఎత్తులో వేలాడుతుంది. బియ్యపు కావడికి ఒక వైపే బుట్ట పెట్టినట్టు. ఆ బరువు వెనక చక్రాన్ని ఆనుకుని ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. ముందు పట్టు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది, గాలి వచ్చి బాక్సును తోస్తే వణుకు మొదలవుతుంది. ఖాళీ బాక్సుతో అదే రోడ్డు మీద, అదే వేగంలో వెళ్లి చూడండి. వణుకు పోతే తప్పు బరువుది. పోకపోతే టైరు గాలి, చక్రాల బేరింగులు, ఆ తర్వాతే స్టీరింగు బేరింగు చూపించండి.

బాక్సు కింది ర్యాకు మీద ఎంత బరువు పెట్టొచ్చో దాని మీదే చెక్కి ఉంటుంది, లేదా మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంకెలో బాక్సు సొంత బరువు కూడా కలుస్తుంది. దాన్ని మించి మోస్తే గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ఆ బరువంతా వెల్డింగు అతుకుల మీద పడుతుంది. సీటు తీసి, టార్చి వేసి అతుకుల దగ్గర చూడండి. వెంట్రుకవాసి గీత, దాని వెంట ఎర్రటి తుప్పు కనిపిస్తే అది పగులే. పైన రంగు వేసి కప్పేయొద్దు. ర్యాకు విప్పించి, ఆ అతుకును మళ్లీ వెల్డింగు చేయించి, లోపలివైపు పట్టీ వేయించండి.

ప్రశ్న: సాడిల్ బ్యాగులు సీటు మీంచి వేలాడదీశాను. శ్రీశైలం నుంచి వచ్చేసరికి కుడివైపు బ్యాగు అడుగు కరిగింది. స్టేలు తప్పనిసరా?
– మలక్‌పేట పాఠకుడు

జవాబు: తప్పనిసరే. స్టే లేని బ్యాగు ఊగుతుంది. కుడివైపు సైలెన్సర్ మీద వాలితే కరుగుతుంది, ఎడమవైపు చక్రంలోకి పోతే ఇంకా ప్రమాదం. బ్యాగు అడుగుకూ సైలెన్సర్‌కూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. ఆ సందు చూడాల్సింది బండి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మీరిద్దరూ కూర్చుని షాక్‌లు దిగినప్పుడు. స్టేలు పుత్లిబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో దొరుకుతాయి. మీ మోడల్‌కు చేసిన జతే అడగండి. అన్ని బండ్లకూ సరిపోతుందనేది ఏ బండికీ సరిగ్గా కూర్చోదు.

బిగించేటప్పుడు చీరగార్డు తీసేస్తామని కొందరు అంటారు. ఒప్పుకోవద్దు. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. ఇండికేటర్లు, వెనక లైటు, నంబరు ప్లేటు బ్యాగులకు చాటు కాకూడదు. బాక్సు పెట్టేవాళ్లు కూడా ఈ నిబంధన గుర్తుంచుకోవాలి: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు. వెనక సీటు జాగాలో పెడితే ఇక ఆ బండి మీద నడిపేవాళ్లు ఒక్కరే ఉండాలి.

కట్టేందుకు కొక్కేల బంజీ తాడు వాడకండి. సాగదీసినప్పుడు కొక్కెం జారితే నేరుగా కంటికి తగులుతుంది. పైగా అది సాగుతుంది కాబట్టి గుంతల్లో సామాను కదిలిపోతుంది. బకిల్ ఉన్న బెల్టు మంచిది. మిగిలిన కొసను చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. గాలికి ఎగిరే జానెడు కొస చెయిన్‌లో పడితే బ్యాగును లాగేస్తుంది.

ప్రశ్న: బ్యాగుతో వచ్చిన వాన కవరు ఉన్నా లోపల బట్టలు తడిశాయి.
– నాంపల్లి పాఠకురాలు

జవాబు: కవరు పైనుంచి వచ్చే వానను ఆపుతుంది, చక్రం కింద నుంచి చిమ్మే నీళ్లను కాదు. లోపలికి చేరిన నీళ్లు కవరు అడుగున గుంటలా నిలిచి బ్యాగును నానబెడతాయి. వేగానికి కవరు ఊడిపోయేది కూడా ఎక్కువే. బట్టల్ని లోపలే డ్రై బ్యాగులో, అంటే నీళ్లు దూరని సంచిలో పెట్టండి. గాలంతా నొక్కి తీసి, మూతిని గట్టిగా మూడు మడతలు మడిచి బకిల్ వేయండి. ఒక్క మడతైతే నీళ్లు దూరతాయి. డ్రై బ్యాగు లేకపోతే మందపాటి పాలిథిన్ సంచులు రెండు, ఒకదాంట్లో ఒకటి, మూతి మెలితిప్పి కట్టినా పని జరుగుతుంది.

ప్రశ్న: లేహ్ వెళ్తున్నాం. క్రాష్ గార్డుకు (ఇంజను ముందు కాపుగా ఉండే ఇనప కడ్డీ) పెట్రోలు డబ్బాలు కట్టొచ్చా?
– సైనిక్‌పురి పాఠకుడు

జవాబు: క్రాష్ గార్డుకు వద్దు. బండి పడితే మొదట నేలకు తగిలేది అదే, పక్కనే ఇంజను, మీ కాలు. పెట్రోలుకు చేసిన డబ్బానే కొని వెనక స్టే మీద, సైలెన్సర్ లేని వైపు కట్టండి. నిండా పోయకండి. ఎండకు, ఎత్తుకు లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. పదో వంతు ఖాళీ ఉంచి, మూత నెమ్మదిగా తిప్పండి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది, కాబట్టి 5 లీటర్లంటే నాలుగు కిలోలకు దగ్గర. రెండో పక్క బ్యాగులో అంత బరువు సర్దాలి. మనాలీ దారిలో తాండి అనే ఊరు దాటే ముందు నింపుకుంటే చాలు, హైదరాబాద్ నుంచే మోసుకుపోనక్కర్లేదు.

బండిని రైల్లో పంపే పనైతే డబ్బాతోపాటు ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. పార్సిల్ ఆఫీసులో ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు అడుగుతారు. సామాను బండికి కట్టి పంపకుండా మీ వెంట తీసుకెళ్లండి. అద్దాలు విప్పి బ్యాగులో వేసుకోండి.

ప్రశ్న: సామానుతో ఊరు దాటడానికి ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీంచి వెళ్లొచ్చా?
– ఎల్బీనగర్ పాఠకుడు

జవాబు: ఓఆర్‌ఆర్ ప్రధాన రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డు వాడుకోండి.