తాతగారి వణుకు ఆగింది, మనవరాలికి ప్రశ్న మొదలైంది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి పార్కిన్సన్స్, చేతులు వణికే జబ్బు. నిరుడు హైదరాబాద్‌లో మెదడులో తీగలు పెట్టి, ఒక పరికరంతో వాటికి కరెంటు పంపే డీబీఎస్ ఆపరేషన్ చేయించాం. ఆ కరెంటు పనిచేస్తుంటే మెదడులో ఏం జరుగుతుందో స్కాన్‌లో చూసే చదువు చదువుతానని మా అమ్మాయి పట్టు. ప్లస్ టూ సైన్స్ అయింది, నీట్ రాలేదు. స్కాన్లు తీయడం నేర్పే ఇమేజింగ్ బీఎస్సీయా, వైద్య పరికరాల ఇంజినీరింగైన బయోమెడికల్ బీటెకా, ఆన్‌లైన్ ఏఐ కోర్సా? స్కాన్లు తీసే పనేమిటని చుట్టాలంతా అంటున్నారు.

జవాబు: అడిగింది కోర్సు గురించే గానీ, డాక్టరు కాని పిల్ల బతుకెలా అన్నదే మీ టెన్షన్. గుణుపూర్ నుంచి, బరంపురం నుంచి ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. చుట్టాల మాట రాశారు, అమ్మాయికి లెక్కలంటే ఇష్టమో కాదో రాయలేదు. అది మీ తప్పేనండీ.

ఆ పిల్ల ఏం చూసిందో ఆలోచించండి. పరికరం ఆన్ చేయగానే తాతగారి చేతిలో టీ గ్లాసు తొణకడం ఆగింది. ఎందుకు ఆగింది? ఫ్రాన్స్‌లో మెదడు సర్జన్ బెనాబిద్ 1987లో ఈ పద్ధతి మొదలుపెట్టారు, ఇప్పటికీ పూర్తి జవాబు దొరకలేదు. అసలు చూడటమే కష్టం. ఎమ్మారైలో లోహపు తీగ చుట్టూ నల్లటి మరక పడుతుంది, సరిగ్గా మనం చూడాల్సిన చోటే. తీగ వేడెక్కే ప్రమాదమూ ఉంది, అందుకే ఆ పరికరానికి చెప్పిన షరతుల్లోనే స్కాన్ తీయాలి. పరికరం ఆపితే వణుకు తిరిగొచ్చి బొమ్మ చెదురుతుంది. అందుకే ఒంట్లోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే పెట్ స్కాన్‌తోనూ, పరికరం ఆన్‌లో ఉన్నప్పుడు, ఆఫ్‌లో ఉన్నప్పుడు మెదడులో రక్తప్రవాహం ఎలా మారుతుందో పోల్చి చూశారు.

ఏఐ కోర్సు మీద మాత్రం నాకు నమ్మకం లేదు. అలాంటి సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన పిల్లలను చూశాను. స్కాన్ బొమ్మలో రోగి కుడివైపు మనకు ఎడమన కనిపిస్తుందని కూడా వాళ్లకు తెలియదు. ఆ నల్ల మరకను జబ్బు అనుకోకుండా ఉండాలంటే ఫిజిక్స్, అనాటమీ రావాలి. ముందు డిగ్రీ కానివ్వండి, ఏఐ ఆ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

ప్లస్ టూలో లెక్కలుండి, ఇష్టమూ ఉంటే బీటెక్. లేదంటే బీఎస్సీ, ఉద్యోగం త్వరగా వస్తుంది. పరిశోధనకైతే పీజీ, ఆపైన బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి వైద్య సంస్థల్లో పీహెచ్‌డీ, అంతా కలిపి పదేళ్ల మాట. భయపడకండి, మధ్యలో ఆగినా చేతిలో పని ఉంటుంది. స్కాన్ గది లేని పెద్దాసుపత్రి ఎక్కడుంది?

ఈసారి నాన్నగారి పరికరం సెట్టింగులు మార్పించడానికి వెళ్లేటప్పుడు అమ్మాయినీ తీసుకెళ్లండి. డాక్టరుగారిని అడగాల్సినవి తననే అడగనివ్వండి, మీరు మధ్యలో మాట్లాడకండి.