వైరస్ కాదు, ఫాంటు లేదు

సందేహం: మా నాన్నగారు 2001లో డీటీపీ చేయించుకున్న శతకం వర్డ్ ఫైలు పాత సీడీలో దొరికింది. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. వైరస్ సోకిందా?

జవాబు: ఇది వైరస్ లక్షణం కాదు. పద్యాలు ఫైలులోనే ఉండి ఉంటాయి. ముందు ఆ ఫైలును మరో రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి.

కంప్యూటర్ దాచుకునేది అక్షరాలను కాదు, సంఖ్యలను. ఏ సంఖ్య ఏ అక్షరమో మనుషులే ఒప్పందం చేసుకోవాలి. 65 అంటే ఇంగ్లిష్ పెద్ద 'ఏ' అన్నది అలాంటి ఒప్పందమే. 'అను' అనే పేరున్నవాటి వంటి పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఇచ్చిన సంఖ్యల మీదే మన తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలను కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని చోట అవే సంఖ్యలు ఇంగ్లిష్‌గా బయటపడతాయి.

ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి సంఖ్యల ఒప్పందం యూనికోడ్. 1991లో వచ్చిన అది తెలుగుకు సొంత సంఖ్యలు ఇచ్చింది. 'క' అంటే 3093. ఏ ఫోనులో తెరిచినా అంతే. నాకు ఇందులో ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. యూనికోడ్‌లో వత్తులకు విడిగా సంఖ్యలు లేవు. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఆరు సంఖ్యలు. బడిలో పలక మీద విడదీసి రాసినట్టే! తవత్తు ఎక్కడ వేలాడాలో, క్రావడి ఎటు తిరగాలో ఫాంటు చూసుకుంటుంది. అక్షరం వేరు, దాని బొమ్మ వేరు అని గుర్తించడం వల్లే ఈరోజు తెలుగులో వెతకగలుగుతున్నాం.

వర్డ్‌లో ఆ గజిబిజి మీద క్లిక్ చేస్తే పైన ఫాంటు పేరు కనిపిస్తుంది. సరిగ్గా ఆ ఫాంటు కోసం చేసిన యూనికోడ్ కన్వర్టర్‌నే వాడండి; ఒక్కో ఫాంటు కుటుంబం అమరిక ఒక్కోలా ఉంటుంది. మార్చాక వత్తులు తప్పకుండా సరిచూడండి. అచ్చుప్రతి ఉంటే మేలు. లేకపోతే యతిప్రాసలు తెలిసిన పెద్దల చేత చదివించండి, తప్పులు ఇట్టే పట్టేస్తారు.

సందేహం: తెలుగులో చిన్న ఎస్సెమ్మెస్ పంపినా రెండుగా లెక్కిస్తున్నారు. ఎందుకు?

జవాబు: ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు; బైటుకు 8 బిట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు సాధారణంగా 16 బిట్లు వాడతారు కాబట్టి 70 మాత్రమే. పైన చెప్పిన 'స్త్రీ' ఒక్కటే అందులో ఆరు తినేస్తుంది. ఇంగ్లిష్ సందేశంలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 70 లెక్కకు మారుతుంది. ఖర్చు భారమైతే వాట్సాప్‌లో పంపండి, అక్కడ ఈ లెక్క లేదు. ఇంగ్లిష్ లిపిలోకి మాత్రం మారకండి.