పాఠకుల ప్రశ్నలు: బడిపిల్లలకు క్రిస్మస్ కానుకలు

క్రిస్మస్ దగ్గరపడుతున్నందున ఈసారి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లల కానుకల గురించే ఉన్నాయి. వాటిలో ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 13, అబ్బాయికి 9, చిన్నమ్మాయికి 6 ఏళ్లు. ఈ ఏడాది చేతిలో డబ్బు తక్కువగా ఉంది. ముగ్గురికీ సమానంగా ఖర్చు పెట్టాలా, లేక ఎవరికి తగినది వారికి కొనాలా? తక్కువ ధరలో ఏవి కొంటే నాలుగు కాలాలు నిలుస్తాయో తెలియజేయగలరు.

జవాబు: ముందుగా సమానం సంగతి తేల్చుకుందాము. ఆరేళ్ల పిల్లకు ధరలు తెలియవు గాని, తనకు ఎన్ని పొట్లాలు వచ్చాయో, అన్నకు ఎన్ని వచ్చాయో మాత్రం క్షణంలో లెక్కపెట్టేస్తుంది. పదమూడేళ్ల పిల్లకు పొట్లాల లెక్క పట్టదు గాని, ఏ వస్తువు ఎంత పలుకుతుందో బాగా తెలుసు. కాబట్టి ముగ్గురికీ పొట్లాల సంఖ్య సమానంగా ఉంచి, ఖర్చును మాత్రం వయసును బట్టి, అవసరాన్ని బట్టి పంచండి. ఈసారి పెద్ద ఖర్చులు పెట్టలేకపోతున్నామని పెద్దమ్మాయితో ముందే చెప్పడం మంచిది. ఆ వయసు పిల్లలు ఇంటి పరిస్థితిని మనం అనుకునే దానికన్నా బాగానే అర్థం చేసుకుంటారు. పండుగ నాడు పొట్లం విప్పాక తెలిస్తేనే వారికి కష్టం కలుగుతుంది.

ఇక ఏది కొనాలన్నది దుకాణంలో కాదు, ఇంట్లోనే తేలవలసిన విషయం. ఎవరూ చెప్పకుండానే పిల్లలు మళ్లీ మళ్లీ చేసే పని ఏమిటో, ఆ పనిలో వారికి ఏది చాలడం లేదో ఒక వారం పాటు గమనించండి. ఆకులు, రాళ్లు, పురుగులు ఏరుకొచ్చే పిల్లకు పిడి ఉన్న భూతద్దం ఇవ్వవచ్చు. దానికి 3 నుంచి 5 రెట్లు చాలు. అంతకన్నా ఎక్కువ రెట్లు చూపే అద్దాలు చిన్నవిగా ఉంటాయి, వస్తువుకు మరీ దగ్గరగా పట్టుకుంటే తప్ప కనిపించదు. దానితో ఎండను కాగితం మీద కేంద్రీకరించకూడదని మాత్రం ఇచ్చేటప్పుడే చెప్పాలి. గెలుపోటములంటే ఇష్టపడే తొమ్మిదేళ్ల పిల్లవాడికి 52 ముక్కల పేకకట్ట గాని, 28 బిళ్లల డామినోలు గాని, మడిచి దాచుకునే చదరంగం బల్ల గాని చాలా కాలం పనికివస్తాయి. వీటికి ఉన్న సుగుణం ఏమిటంటే, ఒకే వస్తువుతో ఎన్నో ఆటలు ఆడవచ్చు, లేదా ఒకే ఆటను ఏళ్ల తరబడి నేర్చుకుంటూ పోవచ్చు. ఒంటరిగా కూర్చొని తల బద్దలుకొట్టుకోవడం ఇష్టమైతే రూబిక్స్ క్యూబ్ ఉండనే ఉంది. హంగేరీలో వాస్తుశిల్పం బోధించే ఎర్నో రూబిక్ 1974లో తయారుచేసిన ఈ పజిల్‌కు బ్యాటరీ అక్కరలేదు, ముక్కలు పోయే బెంగ లేదు. ఎంత కలిపేసినా 20 కదలికలకు మించకుండా దానిని సరిచేయవచ్చని 2010లో నిరూపించారన్న సంగతి కూడా చెప్పి ఇవ్వండి. ఆ మాటే పిల్లవాడిని కొన్నాళ్లు కూర్చోబెడుతుంది.

పెద్దమ్మాయికి మాత్రం ఆటవస్తువు కొనకండి. పదమూడేళ్ల పిల్లలు పెద్దవాళ్లు వాడే వస్తువును కోరుకుంటారు. బొమ్మలు వేసే అలవాటు ఉంటే, రంగుల పెట్టె, స్టిక్కర్లు, అచ్చులు అన్నీ కలిపిన భారీ సెట్టుకు పెట్టే డబ్బుతో నాలుగు మంచి పెన్సిళ్లు, దళసరి కాగితాల పుస్తకం ఒకటి వస్తాయి. పెన్సిలు మీద ‘హెచ్’ అని ఉంటే గట్టిదనీ, ‘బి’ అని ఉంటే నల్లగా, మెత్తగా ఉండేదనీ అర్థం. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ ఆ గుణం పెరుగుతుంది. సన్నని గీతలకు 2హెచ్, నీడలకు 2బి, 4బి, బాగా చీకటి భాగాలకు 6బి ఉంటే మొదలుపెట్టడానికి చాలు. రంగు పెన్సిళ్లైతే పెట్టెలోని సంఖ్య చూసి మోసపోకండి. నాసిరకం 48 కన్నా నాణ్యమైన 12 మేలు. కొనే ముందు పెన్సిలును నిలువుగా పట్టుకొని చివరి భాగం చూడండి. ములుకు సరిగ్గా చెక్క నడుమ ఉండాలి. ఒక పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడల్లా ఒకవైపు చెక్క ములుకు కొసదాకా మిగిలిపోతుంది, రాయడానికి వీలుపడదు. చెక్కిన ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా రాలిపోయే పెన్సిళ్లకు కారణం చాలాసార్లు లోపలి ములుకు ముందే విరిగి ఉండడం. అందుచేత కొన్న పెట్టెను కింద పడకుండా చూసుకోవాలి.

ధర గురించి ఇంకొక్క మాట. కొన్న తరువాత కూడా డబ్బు అడిగే వస్తువు చవకైనది కాదు. దాని కంపెనీ రీఫిల్ తప్ప మరొకటి పట్టని పరికరాలు, సెట్టు పూర్తి కావడానికి నెలనెలా కొనవలసిన బొమ్మలు, మొదట ఉచితమై తరువాత లోపల కొనుగోళ్లు పెట్టే ఫోను ఆటలు ఇటువంటివే. పెట్టె వెనక చిన్న అక్షరాలలో ‘విడిగా కొనవలెను’ అన్న మాట ఉందేమో చదివి, ఆ ఖర్చు కూడా కలుపుకొని లెక్క వేయండి.

ప్రశ్న: మా పదేళ్ల బాబు టెలిస్కోపు కావాలంటున్నాడు. 500 రెట్లు పెద్దదిగా చూపుతుందని పెట్టె మీద రాసి ఉన్న ఒకటి మాకు అందుబాటు ధరలో కనిపించింది. కొనవచ్చునా?

జవాబు: వద్దండీ. టెలిస్కోపు ఎంత బాగా చూపుతుందన్నది అది ఎన్ని రెట్లు పెంచుతుందన్న దాని మీద కాక, ముందున్న అద్దం వ్యాసం మీద ఆధారపడుతుంది. అద్దం వ్యాసంలో ఒక్కొక్క మిల్లీమీటరుకు సుమారు రెండు రెట్ల వరకే పనికివచ్చే వృద్ధి వస్తుందని పరిశీలకులు లెక్క వేస్తారు. అంటే 50 మిల్లీమీటర్ల అద్దానికి ఎక్కువలో ఎక్కువ 100 రెట్లు. దానిని 500 రెట్లకు లాగితే మసకబారిన, గజగజ వణికే వెలుగు మచ్చ తప్ప ఏమీ కనిపించదు. దీనికి తోడు చవకరకం స్టాండు, కన్ను ఆనించగానే ఊగిపోతుంది. రెండు రాత్రులు ప్రయత్నించి, తనకే చేతకావడం లేదని పిల్లవాడు దానిని మూలన పడేస్తాడు. అది అన్నిటికన్నా పెద్ద నష్టం.

అదే డబ్బుకు బైనాక్యులర్లు దొరుకుతాయేమో చూడండి. వాటి మీద 7×50, 10×50 అని రెండు అంకెలు ఉంటాయి; మొదటిది ఎన్ని రెట్లో, రెండవది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. పదేళ్ల చేతులకు బరువు కాకుండా 7 లేదా 8 రెట్లవి, 40 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉన్నవి కూడా బాగానే పనిచేస్తాయి. వాటితో చంద్రుడి మీద గోతులు కనిపిస్తాయి, మామూలు కంటికి గుప్పెడు చుక్కలుగా తోచే కృత్తికలు డజన్ల కొద్దీ నక్షత్రాలుగా విడిపోతాయి. గోడకో స్తంభానికో ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన దాని ఉపగ్రహాలు చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో సుమారు 20 రెట్ల దూరదర్శినితో కనిపెట్టిన నాలుగూ అవే. పగలు పక్షులను చూడటానికీ ఆ బైనాక్యులర్లే పనికివస్తాయి. అయితే వాటితో సూర్యుడి వైపు ఎప్పుడూ చూడకూడదన్నది కానుకతో పాటే చెప్పవలసిన నియమం. ఒక్క క్షణం చూసినా కంటికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు.

బైనాక్యులర్లు కూడా స్థోమతకు మించితే, దూరానికి బదులు దగ్గరకు చూపే పరికరం ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని అది. కాగితం మడిచి పిల్లలే తయారుచేసుకోవాలి. సుమారు 140 రెట్లు చూపుతుంది కనుక ఉల్లిపొరలో కణాలు స్పష్టంగా తెలుస్తాయి. టెలిస్కోపు అడిగిన పిల్లవాడికి నిజంగా కావలసింది కంటికి కనిపించనిదానిని చూడటమే అయితే, ఇది కూడా ఆ కోరికను తీరుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో బడికి వెళ్లే పిల్లలతో పాటు రెండేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. పెద్దవాళ్ల కోసం చవకగా దొరికే మెరిసే బొమ్మలు, అయస్కాంతపు గోళీల సెట్లు కొనడం క్షేమమేనా?

జవాబు: అయస్కాంతపు గోళీలు వద్దు, పసివాడు లేకపోయినా వద్దు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ మింగితే అవి పేగు మడతల మధ్య ఒకదానిని ఒకటి ఆకర్షించుకొని, మధ్యలో చిక్కిన పేగుకు రంధ్రం చేయగలవు. పెద్ద పిల్లలు కూడా ఆడుతూ నోట్లో పెట్టుకుంటారు.

మెరిసే, పాడే బొమ్మలలో చాలావాటికి బొత్తాం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అందులోనూ 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల ప్రమాదకరమైనది. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటలలోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చివేయగలదు. అది బ్యాటరీ లోపలి ద్రవం కారడం వల్ల మాత్రమే జరిగేది కాదు, లోపలి తడి పొరకు తగిలి విద్యుత్తు ప్రవహించడం వల్ల అక్కడ క్షారం పుట్టి జరుగుతుంది. అందుకే వాడేసిన బ్యాటరీ కూడా ప్రమాదమే. బ్యాటరీ ఉండే గదికి స్క్రూతో బిగించే మూత ఉన్న బొమ్మలనే కొనండి. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నీటిలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు కూడా కడుపులోకి పోతే అక్కడే ఉబ్బుతాయి కనుక వాటినీ ఇంట్లోకి రానీయకండి.

మిగతా వాటికి, మూడేళ్లలోపు వారికి తగదన్న గుర్తును శ్రద్ధగా చూడండి. అది పిల్లల తెలివిని బట్టి పెట్టినది కాదు, ఊపిరాడకుండా చేసే చిన్న ముక్కల గురించి పెట్టినది. పెద్దవాళ్ల సెట్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో పసివాడికి అందని ఎత్తులో ఉంచే ఏర్పాటు కూడా కానుకలో భాగమే అనుకోండి.

ప్రశ్న: వాడిన వస్తువును కానుకగా ఇస్తే పిల్లలు చిన్నబుచ్చుకోరా?

జవాబు: శుభ్రంగా, పూర్తిగా ఉంటే చిన్నబుచ్చుకోరు. ముక్కలు తగ్గిన పజిల్, చక్రం ఊడిన బండి ఇస్తేనే బాధ. 1958లో వచ్చిన లెగో ఇటుకలు నేటి ఇటుకలకు కూడా చక్కగా అతుక్కుంటాయి కాబట్టి పాతవి కొనడానికి అవి ఎంతో అనువైనవి. గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి ఆరబెడితే చాలు. పుస్తకాలు, స్కేట్లు, సైకిళ్లు కూడా పాతవి తీసుకోవచ్చు, కాకపోతే సైకిలుకు బ్రేకులు, గొలుసు ముందు సరిచేయించాలి. హెల్మెట్ మాత్రం ఎప్పుడూ కొత్తదే కొనండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి నురగ నలిగిపోయి ఉన్నా, పైకి కనిపించదు.

ప్రశ్న: మా ఏడేళ్ల పాప కానుకలు క్రిస్మస్ తాత తెస్తాడని నమ్ముతుంది. ఈసారి ఖరీదైన ఫోను అడుగుతూ ఆయనకు ఉత్తరం రాసింది. కొనే స్థోమత మాకు లేదు. ఏమని చెప్పమంటారు?

జవాబు: ఫోను వంటివి అమ్మానాన్నలు నిర్ణయించే వస్తువులనీ, తాత వాటిని తీసుకురాడనీ ఇప్పుడే, పండుగకు చాలా ముందే చెప్పండి. 24 రాత్రి దాకా ఆశ పెంచుకోనివ్వడమే తప్పు. ఆయన పేరుతో ఎప్పుడూ చిన్న కానుకే ఇవ్వండి. పెద్దది ఏదైనా ఉంటే మీ పేరుతోనే ఇవ్వండి. తాత పేరుతో ఒక ఇంట్లో ఖరీదైన వస్తువూ, పక్కింట్లో రంగు పెన్సిళ్లూ వస్తే, తాను మంచిపిల్లను కానేమోనని బడిలో మరో పిల్ల అనుకునే ప్రమాదం ఉంది. ఈ కథకు మూలపురుషుడిగా చెప్పే సెయింట్ నికొలస్ నాలుగవ శతాబ్దంలో మైరా నగర బిషప్. ఎవరిచ్చారో తెలియకుండా రాత్రివేళ సాయం చేశాడన్నదే ఆయన గురించిన ఐతిహ్యం. పాప కాస్త పెద్దయ్యాక తమ్ముడికో స్నేహితురాలికో ఆమెనే రహస్యంగా కానుక పెట్టమనండి. నమ్మకం నుంచి నిజానికి దాటడానికి అంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

ప్రశ్న: ‘నాన్నతో ఒక రోజు విహారం’ వంటి చీటీలు రాసి కానుకగా ఇవ్వమని కొందరు చెబుతారు. డబ్బు ఖర్చు లేదు గాని, పిల్లలు వాటిని లెక్కచేస్తారా?

జవాబు: చీటీ మీద తేదీ ఉంటే లెక్కచేస్తారు. తేదీ లేని చీటీని సొరుగులో పడేస్తారు, మీరూ మరచిపోతారు. ‘జనవరి రెండవ శనివారం ఉదయం, నువ్వు చెప్పిన ఆట మూడు గంటలు ఆడతాను, ఫోను పక్కన పెడతాను’ అని రాసి సంతకం పెట్టండి. ఒక్కొక్కరికి రెండు చీటీలకు మించకండి, నెరవేర్చగలిగినవే రాయండి. ఆరేడేళ్ల వారికి చీటీ ఒక్కటే ఇస్తే పండుగ ఉదయం చేతిలో ఏమీ లేనట్టు ఉంటుంది కాబట్టి, దానికి సంబంధించిన చిన్న వస్తువు ఏదైనా జతచేయండి: గాలిపటం ఎగరేసే చీటీకి దారపు ఉండ, రాత్రి ఆకాశం చూసే చీటీకి ఎర్రకాగితం చుట్టిన టార్చి. ఎర్ర వెలుతురులో చీకటికి అలవాటు పడిన కంటిచూపు అంతగా చెదరదు.

వచ్చే సంచికలో, చాలామంది పిల్లలున్న ఉమ్మడి కుటుంబాలలో పేర్లు చీట్ల మీద రాసి కానుకలు పంచుకునే పద్ధతి గురించి అడిగిన వారికి జవాబు ఇస్తాము.