ఎంబీఏ చేయాలంటే డిగ్రీలో బీకామో బీబీఏనో తీసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఐఐఎంల లాంటి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష క్యాట్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. మార్కులు 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకైతే 45.

గ్రూపు గురించి టెన్షన్ పడేవాళ్లు మార్కుల సంగతి మర్చిపోతుంటారు. ఐఐఎంలు షార్ట్‌లిస్టు చేసేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పది, ఇంటర్ మార్కులు చూస్తాయి. చాలాచోట్ల డిగ్రీ మార్కులూ లెక్కలోకి వస్తాయి. అందుకే ఇష్టంలేని బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లతో కుస్తీ పట్టేకంటే, నచ్చిన ఎకనామిక్స్‌లోనో హిస్టరీలోనో మంచి మార్కులు తెచ్చుకోవడం నయం. పైగా క్లాసుల్లో ఇంజినీర్లే కిక్కిరిసి ఉంటారు కాబట్టి, కొన్ని ఐఐఎంలు మిగతా డిగ్రీలవాళ్లకు అదనపు పాయింట్లు ఇస్తాయి.

బీబీఏ తప్పేం కాదు గానీ, ఎంబీఏ మొదటి ఏడాదిలో చాలా పాఠాలు మళ్లీ వినాలి. నేనైతే దాన్ని చివర్లో పెడతాను. ఏది చదివినా లెక్కలు వదలొద్దు, క్యాట్‌లో క్వాంట్ తప్పదు.