మెకానిక్ అవుతానంటున్నాడు: కోర్సులో చేర్చాలా, గ్యారేజీకి పంపాలా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి పదో తరగతి పూర్తి చేశాడు. కార్ల మెకానిక్ అవుతానని పట్టుబడుతున్నాడు. లెక్కల్లో అంతంతమాత్రం, కానీ ఏ వస్తువు దొరికినా విప్పి చూస్తాడు. నేరుగా గ్యారేజీలో పనికి పెట్టమని కొందరు, కోర్సు చేయించమని కొందరు అంటున్నారు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తే ఈ పని ఉంటుందా అని నాకు టెన్షన్."

అమ్మా, చదువు రాకపోతే చేతిపని అనే ఆలోచన ఏదో మీ ప్రశ్నలో కొంచెం కనిపిస్తోంది, ముందు దాన్ని పక్కన పెట్టండి. ఇప్పటి కారులో ఇంజిన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఏసీ అన్నిటికీ వేర్వేరు కంట్రోల్ యూనిట్లు, అంటే చిన్న కంప్యూటర్లు, ఉంటాయి, అవి వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. జర్మనీలో అయితే వాహన మెకానిక్, వాహన ఎలక్ట్రీషియన్ అని విడివిడిగా ఉన్న పనులను 2003లో కలిపేసి ఒకే వృత్తిగా మార్చారు. మూడున్నరేళ్ల శిక్షణ, కొంత స్కూల్లో, కొంత వర్క్‌షాపులో. పని అంత మారిపోయింది.

పిల్లలకు కష్టమయ్యేది నట్లూ బోల్టులూ కాదు, అవి ఆరు నెలలు చేస్తే చేతికి వచ్చేస్తాయి. బండికి ఏమైందో కనిపెట్టడం కష్టం. ఒక ఉదాహరణ చెబుతాను. ఇంజిన్ లైటు వెలిగిందని, బండి కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే పి0171 అనే కోడ్ వస్తుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగ్గ ఇంధనం అందడం లేదని దాని అర్థం, అంతే. కొత్తగా వచ్చినవాడు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తాడు, రెండు రోజులకు లైటు మళ్లీ వెలుగుతుంది, ఎందుకంటే అసలు లోపం చిరిగిన వాక్యూమ్ గొట్టంలోనో, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లోనో, నీరసించిన ఫ్యూయల్ పంపులోనో ఉండొచ్చు. స్కానర్ దారి చూపిస్తుంది గానీ ఏ పార్టు పోయిందో చెప్పదు. అక్కడి నుంచి ఒక్కో కారణాన్నీ పరీక్షించి కొట్టేసుకుంటూ పోగలిగినవాడే మెకానిక్, మిగతావాళ్లు పార్టులు మార్చేవాళ్లు. కస్టమర్ డబ్బు కూడా ఎక్కువగా వృథా అయ్యేది వాళ్ల దగ్గరే.

అందుకే కోర్సా గ్యారేజీయా అంటే నా ఓటు రెండూ కలిసి సాగే అప్రెంటిస్‌షిప్‌కే. గ్యారేజీలో మాత్రమే నేర్చుకున్న కుర్రాడికి మేస్త్రి ఎలా చేస్తాడో వస్తుంది, ఎందుకు చేస్తాడో రాదు, మేస్త్రికే తెలియకపోతే ఇక ఎప్పటికీ రాదు. కోర్సు మాత్రమే చేసినవాడు స్టాండు మీద పెట్టిన శుభ్రమైన ఇంజిన్‌ని పదిసార్లు విప్పి బిగించి ఉంటాడు, కానీ తుప్పు పట్టి సగంలో విరిగిపోయే బోల్టు వాడికి మొదటి ఉద్యోగంలోనే ఎదురవుతుంది.

ఇన్‌స్టిట్యూట్ చూడటానికి వెళ్లినప్పుడు బిల్డింగ్ చూడకండి, వర్క్‌షాప్‌లోకి తీసుకెళ్లమని అడగండి. ఒక్కో కారు చుట్టూ ఎంతమంది విద్యార్థులు నిలబడ్డారు, వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్ ప్రతి ఒక్కరి చేతిలో ఉందా, వైరింగ్ డయాగ్రామ్ చదివిస్తున్నారా, కావాలని లోపం పెట్టిన బండి ఇచ్చి కనిపెట్టమంటారా? ఈ చివరిదానికి "మా దగ్గర అలాంటివి లేవు" అంటే నేనైతే ఇంకో చోటు వెతుక్కుంటాను. జాకీ మీద లేపిన కారు కింద స్టాండు పెట్టకుండా దూరనిస్తున్నారేమో కూడా గమనించండి. దూరనిస్తుంటే ఇంకేమీ అడగక్కర్లేదు, బయటికి వచ్చేయండి.

లెక్కల సంగతి. కాలిక్యులస్ అవసరం లేదు. ఓమ్స్ లా (వోల్టేజీ, కరెంటు, రెసిస్టెన్స్ మధ్య లెక్క), దశాంశాలు, నిష్పత్తులు గట్టిగా వస్తే చాలు. పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 14 దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేదంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందా, బెల్టు జారుతోందా, మధ్యలో కనెక్షన్ తుప్పు పట్టిందా అని మీటర్‌తోనే తేల్చాలి. క్లాసులో విసుగనిపించిన లెక్క ఇలా బండి మీద చేస్తే చాలామంది పిల్లలకు టక్కున ఎక్కేస్తుంది.

ఎలక్ట్రిక్ కార్ల భయం కొంతవరకు నిజమే. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, వాటిలో ఇవేవీ ఉండవు. కానీ టైర్లు, సస్పెన్షన్, స్టీరింగ్, ఏసీ, బ్యాటరీని చల్లబరిచే కూలెంట్, ఇవన్నీ ఉంటాయి. బ్రేకులు కూడా ఉంటాయి, మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి, అయితే వాడకం తగ్గి, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు బిగుసుకుపోవడం ఇంకో తలనొప్పి. పైగా ఇప్పుడు రోడ్ల మీదున్న పెట్రోలు, డీజిల్ బండ్లు రేపటికి మాయమైపోవు కదా. అసలు జాగ్రత్త వేరే ఉంది: ఆ కార్ల పెద్ద బ్యాటరీలు చాలావాటిలో 400 వోల్టుల స్థాయివి, కొన్నిటిలో 800. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే శిక్షణ లేనివాడు చెయ్యి పెట్టకూడదు. బ్యాటరీని వేరు చేశాక కూడా కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ మిగిలి ఉంటుంది, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, వోల్టేజీ లేదని తగిన మీటర్‌తో కొలిచి చూశాకే పని మొదలుపెట్టాలి. పక్కనుండి చూసి నేర్చుకునే విద్య కాదు ఇది, దీనికి విడిగా కోర్సు చేయాల్సిందే. మామూలు ఎలక్ట్రికల్ పని బాగా వచ్చాక చేస్తే బాగుంటుంది.

పనిముట్ల పెద్ద సెట్టు ఇప్పుడే కొనకండి. మంచి మల్టీమీటర్ ఒకటి చాలు. ఫీజు కట్టేముందు సెలవుల్లో కొన్ని వారాలు తెలిసినవాళ్ల గ్యారేజీకి పంపండి, ఎండలో, ఆయిల్ మరకల్లో, నడుం వంచి పనిచేయడం వాడికి నచ్చుతుందో లేదో అక్కడ తెలిసిపోతుంది. ఇంకొకటి, ఎవరూ గుర్తుచేయరు గనుక చెబుతున్నాను: కళ్ల డాక్టరు దగ్గర రంగులు గుర్తుపట్టే పరీక్ష చేయించండి. వైరింగ్ అంతా రంగుల మీదే నడుస్తుంది. కాస్త తేడా ఉన్నా ఈ పని వదులుకోనక్కర్లేదు, కానీ ఆ సంగతి వాడికీ, నేర్పేవాళ్లకీ మొదటి రోజే తెలిసి ఉండాలి.