ఆకలికి బకాసురుని పేరు పెట్టవద్దు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. సంగటి కుండ అడుగున అంటిన మాడును గీకి భర్త పళ్లెంలో వేసి, తాను చెంబెడు నీళ్లు తాగి పడుకొన్న ఇల్లాలి వాక్యం దగ్గర నా కళ్లు చెమర్చాయి. అయితే పగలంతా చెనక్కాయ చేలో గుంటక తోలి వచ్చిన ఆ భర్తను ఆ వెంటనే నీవు "భారీకాయుడు, తిండిపోతు, బకాసురుడు" అన్నావు. ఈ ఉత్తరానికి అదే కారణం.

నాయనా, ఏకచక్రపురం కథ గుర్తు చేసుకో. ఊరిని భయపెట్టి, ఇంటికొక వంతు చొప్పున బండెడు అన్నం తెప్పించుకొని తిన్నవాడు బకాసురుడు. అదే బండెడు అన్నాన్ని, వెనుక నుంచి ఆ రాక్షసుడు గుద్దుతున్నా లేవకుండా, భీముడు తిన్నాడు. తిండి ఒక్కటే అయినా భీముని మనం వృకోదరుడని, అంటే తోడేలు కడుపువాడని, ముచ్చటగా పిలుచుకొంటాము. నీ సేద్యగాడు ఎవరి కూడు లాక్కొన్నాడు? తిండిపోతు అన్నది కడుపు నిండిన తరువాత కూడా చేయి ఆపనివానికి చెల్లే మాట. ఇతడు డొక్క ఎండినవాడు, ఆవురావురుమని తిన్నవాడు. 1876లో మొదలైన ధాత కరువు సంగతులను మా అవ్వ తన పెద్దల నోట విని మాకు చెప్పేది. ఆ కథల్లో ఎవరు ఎంత తిన్నా ఆమె తిండిపోతు అనలేదు.

ఇక "భారీ" అన్న మాటను నేను సహించలేను. వానా భారీయే, సభా భారీయే, నష్టమూ భారీయే. నేను "కుండెడు సంగటి తిన్నాడు" అని రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు "భారీగా భోంచేశాడు" అని దిద్ది అచ్చువేశాడు. ఆ సంచికను నేను ఇంట్లో ఎవరికీ చూపలేదు. దోసెడు, చేటెడు, గంపెడు, కడివెడు అని పాత్రతోనో చేతితోనో కొలిచే భాష మనది. పుట్టికి 20 తూములని తెలిసిన రైతుకు పుట్టెడు దుఃఖమంటే ఆ బరువు భుజాన తెలుస్తుంది. నీ "బృహత్తరమైన మర్రి" కూడా అంతే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాలు పరుచుకొన్నదని చెబితే, 5 ఎకరాలు దున్నినవాడు దానిని కళ్లారా చూస్తాడు.

నీవు అడిగిన పత్రికల చిరునామాల సంగతి తరువాత చూద్దాము. ఆ మూడు మాటలూ తీసివేసి, అతడు ఎన్ని ముద్దలు తిన్నాడో లెక్కపెట్టి రాసి పంపు. కుండ గీకిన వాక్యాన్ని మాత్రం ముట్టవద్దు.